రెండో విడత

ఖరీదుదారు మిరపకాయల గోనె టిక్కీ మూతి దగ్గర కుట్టు నాలుగంగుళాలు విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునుంచి గుప్పెడు మిరపకాయలు బయటికి లాగాడు. వాటిని పాత పేపరు మీద పోసి గుమ్మంలో వెలుతురుకి పట్టాడు. ఒక కాయను తొడిమ దగ్గర విరిచి ముక్కుకు ఆనించుకున్నాడు. గింజలు అరచేతిలోకి రాల్చుకుని ఊదాడు. కోల్డ్ స్టోరేజీ లోపలినుంచి చల్లగాలితో పాటు ఘాటు కూడా వచ్చి అందరి గొంతుల్లోనూ దిగుతోంది. ఆ కాయ పండించిన సిలార్ మాత్రం అటు చూడకుండా, రోడ్డు మీద పోయే లారీలకేసి చూస్తూ నిలబడ్డాడు. కాయను పరీక్ష చేసేవాడి ముఖంలోకి అమ్మేవాడు చూడకూడదు. చూస్తే అవసరం బయటపడుతుంది.

"రంగు నిలబడింది సిలార్ గారూ, అబద్ధమెందుకు," అంటూ ఖరీదుదారు భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఆ గుడ్డ కింద అతని వేళ్ళు సిలార్ వేళ్ళను పట్టుకుని రేటు చెప్పాయి. చుట్టూ ఉన్నవాళ్ళకు తువ్వాలు కదలడం తప్ప మరేమీ తెలియదు. సిలార్ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవాళ ఇచ్చేది కాదులే. కాయ ఎట్టుందో చూసుకుపోదామని వచ్చా."

కౌసర్ పక్కనే ఉంది. గుండెలకు ఫైలు హత్తుకుని నిలబడి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. "నాన్నా, బాబాయ్ వాళ్ళు ఇచ్చేశారు కదా, మనం కూడా..." అని ఏదో అనబోయింది. సిలార్ తల తిప్పకుండానే కూతురి అరచెయ్యి అందుకుని రెండుసార్లు నొక్కాడు. ఆ పిల్ల చప్పున నోరు మూసుకుంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తండ్రి వెంట మిర్చి యార్డుకు వచ్చి నేర్చుకున్న భాష అది. ఒకసారి నొక్కితే సరే అని. రెండుసార్లు నొక్కితే ఆగమని, మాట్లాడవద్దని.

బస్తాల మీద కూచుని చుట్ట ముట్టించుకుంటున్న బాపయ్య నవ్వాడు. ఆయనది సిలార్ పక్క చేను. తన సరుకు పొద్దున్నే మొదట వచ్చిన మనిషికి ఇచ్చేసి తీరిగ్గా ఉన్నాడు.

"వీడి సంగతి నీకు తెలవదయ్యా," అన్నాడు ఖరీదుదారుతో. "నిఖాలో మూడుసార్లు అడుగుతారు కాబట్టి వీడికి పెళ్ళయింది. ఒక్కసారే అడిగేదయితే ఇప్పటికీ ఆగే ఉండేవాడు."

ఖరీదుదారు పెద్దగా నవ్వాడు. కౌసర్ చున్నీ చాటున నవ్వింది. సిలార్ కూడా నవ్వాడు గాని, ఆ నవ్వులో కాస్త గర్వం ఉంది. మొదట వచ్చినవాడికి కాయ ఇవ్వకూడదనేది అతని చదువు. బడిలో మూడో తరగతి దాకా చదివినది ఎప్పుడో మరిచిపోయాడు గాని, ఇది మాత్రం మరిచిపోలేదు. వదిలేసి పోయినవాడు యార్డు ఒక చుట్టు తిరిగి మళ్ళీ రాక తప్పదు. రెండోసారి వచ్చేటప్పుడు మనిషి మెత్తబడి వస్తాడు. ముప్పై ఏళ్ళలో ఈ లెక్క తప్పింది ఒకటి రెండుసార్లే.

"ఏమ్మా కౌసర్, రేపేనా బెజవాడ?" అనడిగాడు బాపయ్య.

"రేపే బాబాయ్. ఇప్పుడే పాలిటెక్నిక్‌కి పోయి సర్టిఫికెట్లన్నీ తెచ్చుకున్నా."

"అయితే మళ్ళీ మొదటినుంచి నాలుగేళ్ళు చదవాలా?"

"లేదు బాబాయ్. డిప్లొమా మూడేళ్ళు అయిందిగా. పరీక్ష రాసి రాంకు తెచ్చుకున్నవాళ్ళని ఇంజనీరింగు రెండో సంవత్సరంలోనే చేర్చుకుంటారు. సీట్లు తక్కువ, అంతే. నా రాంకుకి ఎలక్ట్రానిక్స్ వస్తుంది. ఎక్కడ వచ్చినా ఫర్వాలేదు."

"ఎక్కడొచ్చినా ఏందమ్మా," అన్నాడు సిలార్ టిక్కీ మూతి మళ్ళీ కుట్టుకుంటూ. సూదిని గోనెలోకి గుచ్చి, పురికొస బిగించి లాగి ముడేశాడు. "గుంటూరు చుట్టుపక్కల ఎన్ని కాలేజీలు లేవు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి రావాల. అటువంటిది చూసుకుందాం."

కౌసర్ ఫైలు కొసలు సరిచేసుకుంది.

మర్నాడు విజయవాడలో ఆ కాలేజీ ఆవరణ అంతా తిరణాలలాగా ఉంది. షామియానా కింద కుర్చీలు వేశారు. గేటు దగ్గర మైకులో రాంకులు పిలుస్తున్నారు. పిల్లల చేతుల్లో ఫైళ్ళు, తండ్రుల చేతుల్లో మంచినీళ్ళ సీసాలు, తల్లుల చేతుల్లో టిఫిను డబ్బాలు. సిలార్ తెల్ల చొక్కా వేసుకుని, భుజం మీద ఉతికిన తువ్వాలు వేసుకుని వచ్చాడు. ఒకసారి అటూ ఇటూ చూసేసరికి ప్రాణం కుదుటపడింది. జనం గుంపులు గుంపులుగా ముచ్చట్లాడుకోవడం, ఎవరికెంత పలికిందని చెవులు కొరుక్కోవడం, లోపలినుంచి వచ్చినవాళ్ళ చుట్టూ మూగడం, అంతా తనకు తెలిసిన వ్యవహారమే అనిపించింది.

కౌసర్ మాత్రం టీవీ పెట్టె ముందునుంచి కదలలేదు. అందులో కాలేజీల పేర్లు, వాటి ఎదురుగా మిగిలిన సీట్లు ఒకదాని తరవాత ఒకటి పైకి జరిగిపోతున్నాయి. ఆ పిల్ల పెదవులు కదుపుతూ చదువుకుంటోంది. మధ్యమధ్య కాగితం మీద రాసుకుంటోంది, కొట్టేస్తోంది.

సిలార్ పక్క కుర్చీలో ఒక బక్కపల్చటి మనిషి కూచున్నాడు. పేరు అంకమ్మరావు, ఊరు అద్దంకి. వాళ్ళదీ వ్యవసాయమే, కొంత మిరప, కొంత పొగాకు. కొడుకు శ్రీకృష్ణను తీసుకొచ్చాడు. కౌసర్ రాంకు వెనక ఆరో రాంకు ఆ అబ్బాయిది. మాటల్లో ఈ ఏడు నారు సంగతి, వాన సంగతి వచ్చాయి. తరవాత సీట్ల సంగతి వచ్చింది.

"దగ్గర్లోవి అన్నీ అయిపోయినట్టున్నాయండీ," అన్నాడు సిలార్.

"ఇప్పుడు అయిపోతయ్యి. అయినా ఫర్వాలేదు," అన్నాడు అంకమ్మరావు. "పై రాంకులోళ్ళు సగంమంది చేరరు. వాళ్ళు వదిలేసినయ్యన్నీ రెండో విడతకి వస్తయ్యంట. మా ఊళ్ళో మేస్టారు చెప్పాడు. ఆగినోళ్ళకే మంచియ్యి దొరుకుతయ్యంట."

సిలార్ తల పంకించాడు. ఆగినవాళ్ళకే మంచివి దొరుకుతాయనే మాట అతనికి కొత్త కాదు. అద్దంకినుంచి వచ్చిన మనిషి నోట వినేసరికి అది మరింత నమ్మకంగా ఉంది.

పదకొండున్నరకు కౌసర్ రాంకు పిలిచారు. హాలులో బల్లల వరస ఉంది, ప్రతి బల్ల మీదా ఒక కంప్యూటరు. వాళ్ళకు చెప్పిన బల్ల దగ్గర నడివయసు మేడమ్ ఒకావిడ కూచునుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోయి ఉంది. ఆవిడ కౌసర్ సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిప్పి చూసి, తెర కాస్త ఇటు తిప్పింది.

"చూడమ్మా. ఎలక్ట్రానిక్స్‌లో గవర్నమెంటు సీటు కాకినాడలో ఒక్కటుంది. ప్రైవేటులో కావాలంటే రాయలసీమ వైపు రెండున్నాయి. నీ రాంకుకి కాకినాడ మంచిది. హాస్టల్ కూడా ఉంది."

కౌసర్ ముఖం వెలిగింది. ముందుకు వంగి ఆ గడిలో ఉన్న ఒకటి అంకెను చూసింది.

"గుంటూరు దగ్గర ఏమీ లేవా అమ్మా?" అనడిగాడు సిలార్.

"లేవండి. పొద్దున్నే అయిపోయాయి."

సిలార్ తెరకేసి చూడలేదు. కిటికీ అవతల ఎవరో సైకిలు తుడుచుకుంటుంటే అటు చూశాడు. కాకినాడ ఎక్కడ, తాము ఎక్కడ. రైల్లో పోయినా పూట ప్రయాణం. పిల్లకు జ్వరమొస్తే కబురు రావడానికే ఒక రోజు పడుతుంది. పై రాంకులోళ్ళు సగంమంది చేరరు. ఒక్క వారం ఆగితే ఊరి పక్క పేటనుంచి బస్సులో పోయి రాగల కాలేజీ దొరుకుతుంది. తువ్వాలు భుజం మీదనుంచి జారి ఒడిలో పడింది. దాని కింద కూతురి చెయ్యి అందుకుని అరచేతిలో రెండుసార్లు నొక్కాడు.

కౌసర్ కదలలేదు. ఆ పిల్ల వేళ్ళు తన చేతిలో చల్లబడడం సిలార్‌కు తెలిసింది. హాలులో చలి యంత్రాలు తిరుగుతున్నాయి కదా, అందుకే అనుకున్నాడు.

"వద్దు మేడమ్," అంది కౌసర్.

మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. ఇంగ్లీషులో ఏదో అంది. కౌసర్ ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. మేడమ్ కంఠం కాస్త హెచ్చించి మళ్ళీ ఏదో అడిగింది, అడుగుతూ ఒకసారి సిలార్ వైపు చూసింది. కౌసర్ తల అడ్డంగా తిప్పి, చిన్న గొంతుతో రెండు ముక్కలు చెప్పింది. సిలార్‌కు అదేమీ అర్థం కాలేదు. ఆఫీసులో మాట్లాడుకునే మాటలు అలాగే ఉంటాయని ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే, కూతురు అంత ధాటిగా ఇంగ్లీషు మాట్లాడడం చూసి లోపల సంతోషపడ్డాడు. మేడమ్ ఒక కాగితం ముందుకు తోసింది. కౌసర్ దాని మీద రెండు వరసలు రాసి సంతకం పెట్టింది.

బయటికొచ్చి వేపచెట్టు కింద టిఫిను డబ్బా విప్పారు. ఇంటి దగ్గర భార్య నసీమున్నీసా కట్టిన పులిహోర. కౌసర్ రెండు ముద్దలు తిని డబ్బా మూత పెట్టేసింది. అంతలో అంకమ్మరావు, వాళ్ళబ్బాయి హాలునుంచి బయటపడ్డారు. అబ్బాయి చేతిలో కొత్త కాగితం ఉంది, దాని మీద సీలు తడి ఇంకా ఆరలేదు.

"ఏదో ఇచ్చారండీ, తీసుకున్నాం," అన్నాడు అంకమ్మరావు చూపు పక్కకు తిప్పుకుని. "నేను ఆగుదామనే అన్నా. మావాడు వినలేదు."

"ఏ కాలేజీ?" అనడిగింది కౌసర్.

"కాకినాడండి," అన్నాడు శ్రీకృష్ణ.

"హాస్టలు లోపలేనంట కదా."

"అవునంట. మీకేం వచ్చింది?"

కౌసర్ సీసా మూత తీసి నీళ్ళు తాగింది. సిలార్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మేం రెండో విడతలో చూసుకుంటాంలే బాబూ," అన్నాడు. అంకమ్మరావు "అదీ మంచిదే" అన్నాడు గాని, ఆ మాట అన్నాక అక్కడ నిలబడలేదు.

బస్సులో కౌసర్ కిటికీ పక్కన కూచుంది. మంగళగిరి కొండ వచ్చింది, పోయింది. గుంటూరు వచ్చింది. పేటలో దిగిందాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. సిలార్ కూడా మాట కలపలేదు. బేరం తెగని రోజున ఇంటికి పోయేటప్పుడు మాటలు ఉండవు, అది మామూలే.

"ఏమయింది?" అని నసీమున్నీసా గుమ్మంలోనే అడిగింది.

"దూరంగా ఇస్తామన్నారు. వద్దన్నాం. రెండో విడతలో దగ్గర్లో వచ్చుద్ది," అన్నాడు సిలార్.

నసీమున్నీసా కూతురి ముఖంలోకి చూసింది. కౌసర్ కాళ్ళు కడుక్కోడానికి దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటినుంచి నారుమడి పని. సిలార్ మట్టి మెత్తగా చేసి, మడి ఎత్తు కట్టి, ఇసక కలిపిన విత్తనం గీతల్లో పోసి, అరచేత్తో కప్పుకుంటూ వెళ్ళాడు. పైన వరిగడ్డి పలచగా పరిచాడు. రోజూ రెండు పూటలా తడి అందాలి. తడి తప్పితే మొలక మాడిపోతుంది. మూడో రోజు పొద్దున మోటారు పలకలేదు. స్టార్టరు మీట నొక్కితే టక్కుమని శబ్దం చేసి ఊరుకుంటోంది. మెకానిక్కు పేటలో ఉంటాడు, వాడికోసం పోతే పూట పోయినట్టే.

"ఉండు నాన్నా," అని కౌసర్ ఫీజులు పీకి పక్కన పెట్టింది. స్టార్టరు పెట్టె మూత నాలుగు మరలూ విప్పి, వాటిని పోకుండా చున్నీ కొంగులో ముడేసుకుంది. లోపలి రాగి ముక్కలు నల్లగా కాలి ఉన్నాయి. గరుకు కాగితంతో ఒక్కొక్కదాన్నీ రుద్దింది. ఊదింది. మళ్ళీ రుద్దింది. వదులైన తీగ చివర తుంచి, కొత్తగా పై తొడుగు ఒలిచి, మెలిపెట్టి బిగించింది. ఆ పిల్ల చేతులు ఎక్కడా తడబడలేదు. ఏ చెయ్యి ఎక్కడికి పోవాలో వాటికే తెలిసినట్టు ఉంది. సిలార్ గట్టు మీద గొంతుక్కూచుని చూస్తున్నాడు.

"ఇదంతా పాలిటెక్నిక్‌లో చెప్పారా?"

"ఇది ఎవరూ చెప్పేది కాదు నాన్నా. ఎందుకట్టా అవుతుందో తెలిస్తే ఇదే వస్తుంది."

"మరి ఆ ఇంజనీరింగులో ఏం చెబుతారు?"

కౌసర్ గరుకు కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఎందుకట్టా అవుతుందో చెబుతారు," అంది.

ఫీజులు పెట్టి మీట నొక్కింది. మోటారు ఒకసారి మూలిగి అందుకుంది. కాలవలోకి నీళ్ళు దూకాయి. కౌసర్ ఆ నీళ్ళతోనే చేతుల నలుపు కడుక్కుంటూ, వంచిన తల ఎత్తకుండా చాలాసేపు రుద్దుకుంది. నలుపు ఎప్పుడో పోయింది. సిలార్ పిల్ల ఏడుస్తోందేమో అని లేవబోయాడు. అంతలో ఆ పిల్ల లేచి, ముఖం మీద కూడా ఇన్ని నీళ్ళు చల్లుకుని, "అన్నం తెస్తా" అని గట్టు దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం పోయింది. శనివారం పోయింది. సిలార్ నమాజుకు పోయినప్పుడు మసీదు అరుగు మీద పేపరు తీసుకుని, పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటూ చూశాడు. ఇంజనీరింగు సంగతి ఎక్కడా కనపడలేదు.

"ఎప్పుడంట రెండో విడత?" అనడిగాడు బాపయ్య, చేల గట్టు మీద ఎదురుపడి.

"ఇంకా పేపర్లో వెయ్యలా."

"ఎవరు చెప్పారు నీకు అసలు?"

"ఆ అద్దంకాయన."

"వాడి కొడుక్కి ఎక్కడొచ్చింది?"

కాకినాడలో తీసుకున్నారని సిలార్ చెప్పాడు. బాపయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడే మనిషి, ఆ రోజు ఆడలేదు.

"ఒరేయ్ సిలారూ. యార్డులో పక్క బస్తా రైతు చెప్పిన రేటు నమ్మొద్దని నాకు చెప్పింది నువ్వే కదరా."

"ఆయన అబద్ధం చెప్పుండడు. ఆయనకీ ఎవరో చెప్పిందే."

"చెప్పుండడు. కానీ వాడు తీసుకున్నాడుగా."

సోమవారం పొద్దున్నే సిలార్ తెల్ల చొక్కా వేసుకున్నాడు. గుంటూరు యార్డుకు పోతున్నానని ఇంట్లో చెప్పాడు. గుంటూరులో దిగకుండా అదే బస్సులో విజయవాడ పోయాడు.

కాలేజీ ఆవరణలో షామియానా విప్పేస్తున్నారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గేటు దగ్గర మైకు లేదు. హాలులో మనుషులు తీగలు చుట్టచుట్టి అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. ఆ మేడమ్ మాత్రం అదే బల్ల దగ్గర కాగితాల కట్టలకు తాళ్ళు కడుతోంది. సిలార్ దగ్గరికెళ్ళి దండం పెట్టాడు.

"రెండో విడత ఎప్పుడో కనుక్కుందామని వచ్చానమ్మా."

"దీనికి రెండో విడత లేదండి. మీ అమ్మాయి పేరు?"

చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి అతన్ని పరకాయించి చూసింది.

"గుర్తుంది. ఆ రాంకులో కాకినాడ వద్దన్నది ఆ అమ్మాయి ఒక్కతే. చెప్పాను కదా అప్పుడే, ఇది వదిలేస్తే మళ్ళీ పిలవం అని."

"నాకు చెప్పలేదమ్మా."

"మీ అమ్మాయికి చెప్పాను, మీ పక్కనే ఉండగా. నాకు తెలుసు మేడమ్ అంది."

సిలార్ బల్ల అంచు పట్టుకున్నాడు. తరవాత అతను చేసిన పని ముప్పై ఏళ్ళలో ఏ ఖరీదుదారు దగ్గరా చెయ్యనిది. అడగకుండానే తగ్గించుకుంటూ పోయాడు.

"కాకినాడే ఇవ్వండమ్మా. పంపిస్తాను."

"అది అప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

"పోనీ ఆ రాయలసీమవి రెండున్నాయన్నారు."

"అవీ అయిపోయాయి."

"ఎలక్ట్రానిక్స్ కాకపోయినా ఏదో ఒకటి. ఎంత దూరమైనా సరే. ఆఖరుకి ఎక్కడన్నా ఒక్కటి మిగిలుంటే." ఆమె ముఖంలోకే చూస్తూ అడిగాడు. ఆ ముఖంలో ఎక్కడన్నా సందు ఉందేమోనని వెతికాడు. విసుగు లేదు, కోపం లేదు. జాలి మాత్రం ఉంది. జాలి ఉన్నచోట బేరం ఉండదని అతనికి తెలుసు.

"పిల్లది తప్పు కాదమ్మా. వద్దనమని నేనే చెప్పాను. దానికి ఇష్టమే. అది రాసుకోండి. తండ్రి వద్దన్నాడని రాసుకుని పై వాళ్ళకి చెప్పండి."

మేడమ్ కట్టిన కట్టల్లో ఒకదాని తాడు విప్పి, కాగితాలు తిప్పి, ఒకటి బయటికి తీసి అతని ముందు పెట్టింది.

"నాకు అప్పుడే అనుమానమొచ్చిందండీ. ఎవరైనా వద్దంటున్నారా అని అడిగాను. చెబితే మిమ్మల్ని కూచోబెట్టి మాట్లాడేదాన్ని. చూడండి, మీ అమ్మాయి ఏం రాసిందో."

పైన అంతా ఇంగ్లీషు. కింద గీతల మీద రెండు వరసలు తెలుగులో ఉన్నాయి. కౌసర్ రాత గుండ్రంగా, విడివిడిగా ఉంటుంది. సిలార్ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. "నా... సొంత... ఇష్టంతో... వదులుకుంటున్నాను." రెండో వరస ఇంకా మెల్లగా చదివాడు. "ఇందులో... ఎవరి... బలవంతమూ... లేదు." దాని కింద సంతకం. తేదీ.

తీగలు సర్దే మనుషులు బల్లకోసం వచ్చి నిలబడ్డారు. మేడమ్ కాగితం తీసి కట్టలో పెట్టి, మళ్ళీ తాడు బిగించింది.

"వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాయించండి," అంది. "తెలివిగల పిల్ల."

"అట్టాగేనమ్మా," అన్నాడు సిలార్.

ఇంటికి చేరేసరికి మసీదునుంచి సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజా వినపడుతోంది. నసీమున్నీసా దొడ్లో గోంగూర ఒలుస్తోంది. కౌసర్ కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. బయటికి పోయేటప్పుడు వేసుకునే బట్టలు ఇంకా మార్చుకోలేదు. చెప్పులకు రోడ్డు దుమ్ము ఉంది.

సిలార్ అరుగు మీద కూచుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బెజవాడ పోయొచ్చా," అన్నాడు.

కౌసర్ కుళాయి కట్టేసింది.

"మళ్ళీ పిలవరని నీకు ముందే తెలుసంట."

"దరఖాస్తుతో పాటు ఇచ్చిన పుస్తకంలోనే ఉంది నాన్నా."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెయ్యి నొక్కాక ఇంకేం చెప్పను. నలుగురిలో నీ మాట కాదంటే బాగుంటుందా." గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి చెప్పినట్టే చెప్పింది. "బస్సులో చెబుదామనుకున్నా. అప్పటికి చెప్పి ఏం లాభం."

ఆ కాగితం మీద రాసిన సంగతి తను చదివానని చెబుదామనుకున్నాడు సిలార్. చెబితే పిల్ల దాచింది బయటపెట్టినట్టవుతుంది. ఆ మాట మింగేశాడు.

"తప్పు నాది," అన్నాడు. ఆ మాట అతని నోటినుంచి రావడం నసీమున్నీసాకు కొత్త. గోంగూర ఆకు చేతిలో పట్టుకుని తలెత్తి చూసింది. "వచ్చే ఏడు రాయమ్మా. ఏ ఊళ్ళో వచ్చినా పంపిస్తా. నేను మాట్లాడను. నువ్వే చూసుకో."

కౌసర్ బిందె ఎత్తి నడుమున పెట్టుకుంది. నీళ్ళు తొణికి కమీజు తడిసింది.

"పేటలో స్పిన్నింగు మిల్లుకి పోయొచ్చా నాన్నా ఇవాళ. కరెంటు సెక్షన్‌లో డిప్లొమా వాళ్ళు కావాలంట. రేపటినుంచి రమ్మన్నారు. వస్తానని చెప్పా."

"ఎవరితో పోయావు?"

"నేనే పోయా."

ఏమిస్తామన్నారు, ఎన్ని గంటలు, ఇంకో మిల్లులో కూడా కనుక్కోకపోయావా, అని అడగడానికి అలవాటైన మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. సిలార్ వాటిలో ఒక్కటీ అడగలేదు.

"మరి పరీక్ష?"

"చూద్దాం. పని చేస్తూ చదవగలిగితే రాస్తా."

"పొద్దున్నే ఎన్నింటికి పోవాల?"

"ఆరింటి బస్సుకి."

"రోడ్డు దాకా నేను వస్తాలే. చీకటిగా ఉంటది."

"వద్దులే నాన్నా. నారుకి తడి పెట్టాలిగా నువ్వు," అని కౌసర్ బిందెతో లోపలికి వెళ్ళింది. లోపల నీళ్ళు కాగులోకి వంపిన చప్పుడు వినిపించింది. ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ కుళాయి దగ్గరికి వస్తూ, అరుగు మీదున్న తండ్రి కాళ్ళకు తగలకుండా పక్కగా నడిచి వెళ్ళింది.